నల్లద్దాల ఒడిబియ్యం

ఆ ఉదయం మొగిలి వేసుకున్న పథకం చిన్నదే. కరీంనగర్‌లో బామ్మర్ది విజయేందర్ ఇంటికి వెళ్లాలి. అతను తన అక్క శ్యామలకు ఒడిబియ్యం పోస్తుంటే భర్తగా పక్కన బుద్ధిగా కూర్చోవాలి. తిని రావాలి. చిక్కల్లా ఇదంతా నల్లద్దాలు తీయకుండా చేయాలి.

నిన్న సిరిసిల్లలో మరమగ్గం నడుపుతుండగా, అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరొచ్చి కంటి కింద తగిలింది. అప్పట్నుంచి ప్రతిదీ రెండుగా కనిపిస్తోంది. చెబితే ప్రయాణం ఆగుతుంది. పుట్టింటి బియ్యం కోసం శ్యామల ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది పాపం. అందుకని కండ్లకలక వచ్చిందని అబద్ధమాడి, అద్దాలతోనే పడుకున్నాడు మహానుభావుడు.

ఆ మాట శ్యామల ఫోన్‌లో తమ్ముడికి చెప్పింది. దాంతో వీళ్లు వెళ్లేసరికి చుట్టాలంతా గోడలకు అతుక్కుపోయారు. విజయేందర్ భార్య పద్మలత నీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి దూరం జరిగింది. మొగిలికి రెండు చెంబులు కనిపించాయి. లేనిదాన్ని పట్టుకోబోయి ముందుకు తూలాడు.

"కలక లేదు, ఏం లేదు. పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు," అన్నాడు వరండాలో కూర్చున్న రాయమల్లు. శ్యామలకు వరసకు పెద్దనాన్న కాబట్టి ఆ మాటను ఇల్లంతా నమ్మింది.

పీటల మీద కూర్చున్నారు. శ్యామల ఒడిలో బియ్యం పడ్డాయి. విజయేందర్ బట్టల పళ్లెం బావ చేతికి అందించాడు. మొగిలి ఎంతో భక్తిగా పక్కనున్న గాలిని అందుకున్నాడు. పళ్లెం కింద పడింది.

"అక్క ఒడిబియ్యం నాడు గూడ తాగుడేనా బావా?"

"తాగలే బామ్మర్దీ, నీ తోడు."

"మరి గా అద్దాలు తియ్యి."

తీశాడు. కంటి చుట్టూ నల్లగా కమిలి ఉంది.

"తాగి ఎవలితోనో కొట్లాడిండు!" అని రాయమల్లు తీర్పు చెప్పేశాడు.

అవమానంతో మొగిలికి ఏడుపొచ్చింది. తువ్వాలతో ముక్కు గట్టిగా చీదాడు. అందరూ చూస్తుండగానే కంటి రెప్ప పూరీలా పొంగింది.

శ్యామల ఒడిని బిగించి పట్టుకుని లేచింది. సన్నటి పోగును పట్టి ముడివేసే మనిషికి కన్నే పోతే ఇక మిగిలేదేమిటి? "తాగిండో లేదో తర్వాత చూద్దాం. జర ఆటో పిలువు తమ్మీ!" అంటూ ఒడిలో బియ్యంతోనే దవాఖానకు బయలుదేరింది.

డాక్టరమ్మ గుచ్చి అడిగితే మొగిలి నాడె తగిలిన సంగతి ఒప్పుకున్నాడు. స్కానింగ్ చూసి ఆమె చెప్పింది. "కంటి కింది ఎముక పగిలింది. కన్నును తిప్పే కండ ఆ పగుల్ల ఇరికింది, అందుకే రెండు కనబడ్తున్నయి. ముక్కు చీదితే గాలి కంటి చుట్టూ చేరి ఉబ్బింది. ఆపరేషన్ చేస్తే కన్ను దక్కుతది. ఇంకా దాస్తే కష్టమయ్యేది."

"నాడె తగిలిందని నాకెందుకు చెప్పలే?" అంది శ్యామల.

"చెప్తే నీ ఒడిబియ్యం ఆగుతయని."

శ్యామల ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. రెండూ ప్రేమతోనే.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండుగా కనిపించడం మెల్లగా తగ్గుతుందన్నారు. కట్టు విప్పాక విజయేందర్ మంచం దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"తప్పయింది బావా. తాగినవనుకున్న. మాఫ్ చెయ్యి."

మొగిలి తీరిగ్గా అతని వైపూ, ఆ పక్కకూ చూశాడు.

"నిన్ను మాఫ్ చేసిన. మరి గా పక్కనున్న బామ్మర్ది ఏం మాట్లాడ్తలేడేంది?"

విజయేందర్ ఒక అడుగు పక్కకు జరిగి, మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.