మూడు గోళీల కోసం దిగిన దుర్గప్ప

“కర్నూలు జిల్లా మొత్తానికీ బుర్ర అనేది ఒక్కటే ఉండాది అక్కా. అది ఇప్పుడు మీ వాకిట్లో సెప్పులిడుస్తాండాది,” అన్నాడు మా తమ్ముడు దుర్గప్ప.

ఫోన్ చేసి పిలిచింది నేనే కాబట్టి కాళ్ళకు నీళ్ళిచ్చాను. వాడు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు కాపలా కాశాడు. అన్నేళ్ళలో పట్టుకున్న దొంగ ఒక్కటే. పత్తిగింజలు తింటున్న మేక. దాన్ని పట్టుకుని ఫోటో దిగాడు. రిటైరైన మర్నాడే ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి, కింద ‘అపరాధ పరిశోధకుడు’ అని రాయించుకున్నాడు. అందులో మేక ముఖం స్పష్టంగా పడింది. వాడిది పడలేదు.

ఇక కేసు సంగతి. మా అబ్బాయి కుమారస్వామి కూతురు జ్యోత్స్న ఇంజనీరింగు చదివింది. చదివి, ఎమ్మిగనూరులో మా ఇంటి పాత మగ్గం గదిలో కూర్చుని గోళీల బొమ్మలు చేస్తుంది. బొమ్మంటే చేతిలో పట్టేది కాదు, మనిషంత ఎత్తు. వాళ్ళ తాత రాట్నం చక్రం ఒక్కో ఉక్కు గోళీని పైకి మోసుకుపోతుంది. అక్కణ్ణుంచి అది జంట తీగల మీద దొర్లుతూ, మలుపులు తిరిగి, చిన్న గంట కొట్టి, మళ్ళీ చక్రం దగ్గరికి వస్తుంది. అలా ఏడు గోళీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే చూస్తూ నిలబడి, పొయ్యి మీద పాలు పొంగబెట్టిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఆ బొమ్మను అడిగిన మొదటి మనిషి ఆదోని పత్తి మిల్లు జయరాం. మిల్లు ముందుగదిలో పెట్టుకుంటాడట. ఆ మధ్యాహ్నం మూడింటికి చూడడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే సోమవారం బెంగుళూరులో ఉద్యోగానికి చేరతానని పిల్ల తండ్రికి మాట ఇచ్చింది. అలాంటి రోజున, బొమ్మను తిరగనిచ్చి వంటింట్లో బొరుగుల ఒగ్గాని తిని వెళ్ళేసరికి, ఏడింట్లో నాలుగే ఉన్నాయి. నేలంతా వెతికింది. పడితే చప్పుడైనా వినపడాలి కదా అంది. ఎవరికీ వినపడలేదు.

తాను వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టరాదని దుర్గప్ప ఫోన్లోనే హుకుం జారీ చేశాడు. ఒక్కసారి తిప్పి చూస్తే తెలిసిపోతుందని పిల్ల బతిమాలింది. నేను గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను. తమ్ముడి మాట కదా.

వచ్చినవాడు ముందు ఒక ప్లేటు ఒగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు పరిశోధించాడు. తర్వాత తీగలన్నీ వేలితో తడిమి, వేలు వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు. జిడ్డు ఉందన్నాడు. అది బజ్జీల జిడ్డే, అంటే తనదే కాబట్టి కేసులోంచి కొట్టేస్తున్నానన్నాడు.

తర్వాత పక్క గదిలో మగ్గం నేస్తున్న కుమారస్వామి మీద పడ్డాడు.

“అల్లుడూ, పాప బెంగుళూరు పోవాలని కోరుకునేది ఎవరప్పా?”

“నేనే మామా. అయితే గోళీలు దొంగిలించేదెందుకు? స్విచ్చి పీకేస్తే సరిపోదా?” అన్నాడు వాడు పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే.

ఇంత తెలివిగా జవాబు చెప్పేవాడు దొంగ కాలేడని దుర్గప్ప తీర్పు చెప్పాడు. ఇది దేశాంతర ముఠా పని అన్నాడు. ముఠాకు మూడు గోళీలు ఎందుకని అడిగితే, చెబితే నా ప్రాణానికే ముప్పన్నాడు.

మూడింటికి పది నిమిషాలుంది. పిల్ల మిగిలిన నాలుగు గోళీలూ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది.

“ఉచ్చు పన్నుదాం. బొమ్మ తిప్పు పాపా, మిగతావాటి కోసం దొంగ వస్తాడు,” అని దుర్గప్ప దాక్కునే చోటు వెతికాడు. గది మూలన, కిటికీ కింద దూది కుప్ప ఉంది. నాకు పరుపు కుట్టించడానికి పోయిన వారం వాడే ఆదోని నుంచి రెండు మూటలు తెచ్చి, గాలి తగలాలని అక్కడ విప్పి పోశాడు. అందులో దూరి ముఖం మాత్రం బయట పెట్టాడు. పిండిలో పడిన కందగడ్డలా ఉన్నాడు.

పిల్ల స్విచ్చి వేసింది. సరిగ్గా అప్పుడే జయరాం గుమ్మంలోకి వచ్చాడు.

మొదటి గోళీ పైనుంచి సర్రున జారింది. రెండో మలుపులో తీగ వదిలేసి, గాలిలో లేచి, పోయి దుర్గప్ప నుదుటి మీద టప్పున పడింది.

“అక్కా, నన్ను కాలుస్తాండారు,” అని వాడు లేచాడు. లేస్తే ఒంటి మీది దూదిలోంచి గోళీలు నేల మీదికి దొర్లాయి. ఒకటి, రెండు, మూడు, తగిలినదానితో నాలుగు.

జ్యోత్స్న తీగ తడిమింది. వేలు వాసన చూసింది.

“అవ్వా, ఇది సెనగనూనె.”

“అవునే. నాడె జారాలంటే నూనె పెట్టొద్దా? మీ తాత మగ్గానికి నలభై ఏండ్లు నేనే పెట్టినాను. ఈ పొద్దు పెద్దమనిషి వస్తాడని తెల్లారే ఈ తీగలకూ నాలుగు సుక్కలు ఎక్కువే పెట్టినాను.”

పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక నా భుజం పట్టుకుంది. “గోళీ దొర్లాలవ్వా, జారకూడదు. జారితే జోరెక్కువై మలుపులో నిలబడదు.”

జయరాం టీ తాగేలోపు నేనే కూర్చుని, బూడిదతో తోమి, వేణ్నీళ్ళ గుడ్డతో తీగ తీగా తుడిచాను. ఏడు గోళీలు వదిలితే గంట ఏడుసార్లు మోగింది.

“బాగుండాదమ్మా,” అన్నాడు జయరాం. “కానీ ముందు జరిగింది ఇంకా బాగుండాది. ఒక గోళీ ఎగిరి దూదిలో పడేది. పత్తి మిల్లుకు అదే కావాల. అట్లా చేసిస్తావా?”

పక్క గదిలో నాడె చప్పుడు ఆగింది.

“చేస్తాది,” అన్నాడు కుమారస్వామి, పిల్ల నోరు తెరవకముందే. మళ్ళీ నాడె ఆడింది.

దుర్గప్ప నన్ను పక్కకు పిలిచి, దొంగెవరో తనకు పొద్దున్నే తెలుసనీ, తోడబుట్టినదాన్ని పట్టించలేక ఊరుకున్నాననీ చెప్పాడు. “మరి గోళీలు దాసిన దూది ఎవరిదప్పా?” అని అడిగాను. వాడు కేసు ముగిసిందని ప్రకటించి ఇంకో రెండు బజ్జీలు అడిగాడు.

వాడి గోడ మీద మేక పక్కన ఇప్పుడు ఇంకో ఫోటో ఉంది. అందులోనూ వాడి ముఖం సరిగ్గా పడలేదు. నుదుటి మీది బొప్పి మాత్రం చాలా స్పష్టంగా పడింది.