అమాత్యులవారి ఆత్మీయ స్పర్శ

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ రోగీ ఐసీయూలో ఒంటరివాడు కాడు. ప్రతి రోగి చేతినీ ఈ ప్రభుత్వమే పట్టుకుంటుంది!"

ఆరోగ్యశాఖామాత్యులు శ్రీ చంద్రరావుగారు రాజమహేంద్రవరం పెద్దాసుపత్రిలో ఈ ప్రకటన చేసినప్పుడు, ఆ ఆవరణలో నిలబడి చప్పట్లు కొట్టిన ధన్యులలో నేనూ ఒకడిని. పథకం పేరు 'ఆత్మీయ స్పర్శ'. భక్తుడు మొరపెట్టుకుంటేనే గాని భగవంతుడు కదలడని పెద్దలు చెబుతారు. అమాత్యులవారు మాత్రం ఎవరూ పిలవకుండానే కార్లబారుతో విచ్చేశారు.

ప్రారంభోత్సవానికి ఎంపికైన రోగి త్రిమూర్తులు. మొగల్తూరు దగ్గర సముద్రంలో వేట చేసుకునే మనిషి. ఊపిరితిత్తుల జబ్బుతో చేరి, క్రితం రోజే వెంటిలేటరు నుంచి బయటపడ్డాడు. కళ్లు తెరిచాడు గాని తానెక్కడున్నాడో తెలియడం లేదు, గొట్టాలు పీకేసుకుంటున్నాడు. భార్య వీరదుర్గ చెయ్యి పట్టుకుని మాట్లాడితేనే శాంతిస్తున్నాడు. "లేదంటే చేతులు మంచానికి కట్టాల్సొస్తుందమ్మా" అని డాక్టరుగారు ఆమెకు ముందే చెప్పారు.

బంధువులను లోపలికి పంపేది సాయంత్రం కాసేపే. ఆ కాసేపునూ అమాత్యులవారు లోకకల్యాణార్థం స్వీకరించారు.

"బాబ్బాబూ, మా ఆయన దగ్గరికి నన్నొక్కసారి ఎల్లనివ్వండి" అని వీరదుర్గ తలుపు దగ్గర ప్రాధేయపడింది.

"సారు పలకరించేది ఎవర్నమ్మా? మీ ఆయన్నే కదా! మళ్లీ నువ్వెందుకు?" అన్నారు పీఏ గణేష్‌బాబుగారు. ఆ తర్కానికి తిరుగులేదు.

పక్క మంచం మీద మా బావమరిది ఉన్నాడు. న్యాయంగా నన్నూ ఆపవలసిందే. కాని గణేష్‌బాబుగారు నా నుదుటి విభూతిని పరికించి, "పంతులుగారూ, తమరు రండి. ఆశీర్వచనం చదువుదురుగాని. ఫొటోకి నిండుగా ఉంటుందండి" అని సగౌరవంగా లోపలికి తీసుకువెళ్లారు.

మా వెనుకే రావులపాలెం నుంచి తెచ్చిన చక్కెరకేళి గెల వచ్చింది. నర్సు హెలెన్ అడ్డుపడింది.

"ఏంటండీ ఇది? ఐసీయూ అండి!"

"మనిషిని చూడ్డానికి ఉత్త చేతుల్తో వస్తే గోదావరోళ్ల పరువేం కానండీ?" అంటూ ఒక కార్యకర్త గెలను సెలైను స్టాండుకు తగిలించాడు.

అమాత్యులవారు మాస్కు తీశారు. తీయకపోతే పథకం ఎవరిదో ప్రజలకు తెలియదు. రోగి మీదికి వంగి, ఆప్యాయత ఉట్టిపడేలా అడిగారు: "ఏం త్రిమూర్తులూ, భోంచేశావా?"

త్రిమూర్తులుకు ఆహారం వెళుతున్నది ముక్కులో అమర్చిన గొట్టంలోంచి.

"మొహమాటపడకయ్యా. మేం తినే వచ్చాం" అంటూ అమాత్యులవారు అతని చెయ్యి పట్టుకున్నారు.

త్రిమూర్తులు బెదిరి చెయ్యి లాక్కున్నాడు. గొట్టం కోసం తడుముకున్నాడు. మంచం పక్కనున్న మిషను మోగసాగింది.

"సారొచ్చారన్న ఆనందమండి!" అన్నారు గణేష్‌బాబుగారు. కార్యకర్తలు ఆ మోతకు తగ్గ తాళంలో చప్పట్లు కొట్టారు.

"ఆనందం కాదండీ, ఆక్సిజన్ పడిపోతోంది! హెలెన్, వాళ్లావిణ్ణి పిలు!" అని అరిచారు డాక్టరుగారు.

వీరదుర్గ పరుగున వచ్చి అతని చెయ్యి అందుకుంది. "మావా, నేనే. ఎక్కడికీ పోలేదు. ఊపిరి నెమ్మదిగా తియ్యి. వల లాగేటప్పుడు తీస్తావు చూడు, అలాగ."

త్రిమూర్తులు ఆ చేతిని బిగించి పట్టుకున్నాడు. కొంతసేపటికి మోత ఆగింది.

"ఇంక జరుగమ్మా. సారు పట్టుకోవాలి" అన్నారు గణేష్‌బాబుగారు.

"ఆయన వదలట్లేదండి."

"అయితే నువ్వు వదులు!"

"నేనొదిలితే మళ్లీ మొదలవుద్దండి."

గణేష్‌బాబుగారి మేధకు అసాధ్యమన్నది లేదు. అమాత్యులవారిని మంచం పక్కన స్టూలు మీద, వీరదుర్గను ఆయన వెనుక మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి మాత్రం అమాత్యులవారి చంక కిందుగా ముందుకు వచ్చింది. అమాత్యులవారు తమ చేతిని వీపు వెనుక దాచుకుని దయార్ద్రంగా చిరునవ్వు నవ్వారు. నేను ఆశీర్వచనం చదివాను. కెమెరాలు మెరిశాయి.

మర్నాడు పత్రికలో మొదటి పేజీలోనే ఫొటో వేశారు, కింద ఈ వాక్యంతో: "మంత్రి చెయ్యి విడువని రోగి, స్పర్శతో కుదుటపడిన ప్రాణం." ఆకుపచ్చ మట్టిగాజులు అమాత్యులవారి చేతికి చక్కగా నప్పాయి.

ఆ సాయంత్రానికే ఐసీయూ తలుపు మీద కొత్త బోర్డు వెలసింది: 'రోగుల చేతులు పట్టుకొనుటకు శిక్షణ పొందిన స్పర్శ సేవకులు మాత్రమే అర్హులు. బంధువులకు ప్రవేశం లేదు.' లోపల ఏదో మిషను మోగుతోంది.

"అది మా మావదేనండి! తలుపు తియ్యండి బాబూ!" అని వీరదుర్గ కాపలాదారు చిట్టియ్యను బతిమాలింది. అతను బోర్డు చూపించాడు. ఆమె నా చేతిలోని పత్రిక లాక్కుని, ఆ ఫొటో పక్కనే తన చెయ్యి పెట్టింది. "నిన్న పట్టుకున్నది నేనేనండి. ఇదిగో, ఈ చెయ్యే!"

చిట్టియ్య ఫొటో చూశాడు. ఆమె చేతి గాజులు చూశాడు. కింద అచ్చైన వాక్యాన్ని కూడబలుక్కుని చదివాడు.

"తప్పమ్మా, అబద్ధమాడకూడదు. ఇది మంత్రిగారి చెయ్యని ఇక్కడ రాశారు కదా!"