నలభై ఒక్క మందికి ఒకే తాత

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన మూడో తరగతి చదవడం ఇది మూడోసారి. మొదటిసారి తన కోసం చదివి పాసయ్యారు. రెండోసారి మా పెద్దవాడి కోసం చదివి, అగ్నిపర్వతం చేసి, ద్వితీయ బహుమతి తెచ్చుకున్నారు. ఇప్పుడు మా చిన్నది మహిమ కోసం చదువుతున్నారు. హాజరులో లోపం లేదు. శ్రద్ధలో లోపం లేదు. మార్కులే ఏటేటా తగ్గుతున్నాయి.

ఆయన పేరు తిమోతి. నస్పూర్‌లో ఒక బొగ్గు గని ఆఫీసులో గుమస్తా. పొద్దంతా గనిలోకి ఎవరు దిగారో, ఎవరు పైకి వచ్చారో రాసుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చి థర్మోకోల్ కోస్తారు. మా కాలనీలో ఈ పని ఆయనొక్కరిదే అనుకునేరు. బడి వాట్సాప్ గ్రూపులో ప్రాజెక్టు పడగానే తండ్రులందరూ షిఫ్టు సైరన్ విన్నట్టు లేచి చార్టులకూ ఫెవికాల్‌కూ బయల్దేరుతారు. పిల్లలు నిశ్చింతగా గల్లీలో ఆడుకుంటారు. మా కాలనీ పిల్లలు ఇంత ఆరోగ్యంగా ఉండటానికి ప్రాజెక్టులే కారణమని నా అభిప్రాయం.

బడి గురించి కూడా చెప్పాలి. గేటు మీద 'పరిశోధనే మా ప్రాణం' అని రాసి ఉంటుంది. హెడ్మాస్టరు శ్రీహరి సార్‌కు పుస్తకాలంటే ఎంత గౌరవమంటే, లైబ్రరీ బీరువాకు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నారు. పిల్లల చేతులు తగిలితే పుస్తకాలు మాసిపోతాయి. అయినా నెలకొక పుస్తక సమీక్ష రాయడం తప్పనిసరి. పోయిన నెల మూడో తరగతి మొత్తం ఒకే పుస్తకాన్ని సమీక్షించింది. ఆ పుస్తకం బీరువాలో లేదు, బజారులో లేదు, అసలు ఎవరైనా రాశారో లేదో కూడా తెలియదు. కానీ 'ఈ గ్రంథం చదివాక నా జీవిత దృక్పథమే మారిపోయింది' అని నలభై రెండు మంది ఎనిమిదేళ్ల పిల్లలు ఏకగ్రీవంగా రాశారు. మా ఇంట్లో మాత్రం ఆ మార్పు కనిపించలేదు. మహిమ ఇప్పటికీ కాకరకాయ తినదు.

ఈ విద్యావికాసం వెనకున్న మహనీయుడు సాగర్. బస్టాండు ఎదురుగా జిరాక్స్ దుకాణం. తరగతివారీగా, నెలవారీగా ప్రాజెక్టులన్నీ అతని దగ్గర సిద్ధంగా ఉంటాయి. రంగుల అట్ట, స్పైరల్ బైండింగు, వెనక 'నేనే స్వయంగా చేశాను' అనే ధ్రువపత్రం కూడా ముద్రించి ఉంటుంది. సంతకం పెట్టుకోవడం ఒక్కటే మన వంతు. తీరిక లేనివాళ్లకు అదీ అతనే పెట్టిస్తాడు.

ఇంతటి ఏర్పాటు సాఫీగా సాగుతుండగా, మా మహిమ ఒక అనాలోచితమైన పని చేసింది.

ఆ వారం ప్రాజెక్టు పేరు 'మా ఇంటి పెద్దవారు – ఒక పరిశోధన'. ఇంట్లో పెద్దవాళ్లను పది ప్రశ్నలు అడిగి, రెండు పేజీలు రాసి, ఫోటో అంటించాలి. మంచివి శనివారం ప్రదర్శనలో గోడకు పెడతారు. గ్రూపులో ఆ మాట చదివి మా ఆయన చెప్పులేసుకునేలోపే, మహిమ నోటుబుక్కు పట్టుకుని వెళ్లి మా అత్తమ్మ ముందు కూర్చుంది.

"బాపమ్మా, నీ పేరేంది?"

"నీకు ఎరుక లేదానే?"

"ప్రాజెక్టుకు చెప్పాలె."

"గట్లయితే లచ్చవ్వ అని రాయి. మంచిగ రాయి."

"నువ్వు ఏం పని చేసినవ్?"

"ఆదిలాబాద్‌ల జిన్నింగు మిల్లుల పత్తి ఎత్తిపోసిన. పద్దెనిమిదేండ్లు."

"చిన్నప్పుడు నీ ఆశయం ఏంది?"

"ఆశయమంటే?"

"పెద్దగైనంక ఏం కావాలె అనుకున్నవ్ అని."

"కూసోవాలె అనుకున్న."

"ఏడ?"

"ఏడనన్న. మిల్లుల కూసోనియ్యకపోదురు బిడ్డా."

మహిమ అది రాసుకుంది. పిల్లలకు నీ సందేశమేమిటని అడిగితే, "చెప్పులు బైట ఇడువుమను" అంది అత్తమ్మ. అదీ రాసుకుంది. ఫోటో దొరక్కపోతే బొమ్మ గీసింది. ఒక చెవి పెద్దదయింది, ఒకటి చిన్నదయింది. జుట్టు నిండా పత్తి తునకలు వేసింది. అత్తమ్మ ఆ బొమ్మను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "గోడకు పెడ్తరా దీన్ని?" అని మూడుసార్లు అడిగింది. ఆదివారం ఆరాధన అయిపోయాక, చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటున్న వాళ్లందరికీ, శనివారం తన పేరు బడి గోడకెక్కుతున్న సంగతి చెప్పింది. పెట్టె అడుగునున్న తెల్లచీర తీసి గంజి పెట్టించింది. పెట్టింది నేనే.

సోమవారం మా ఆయన ఆ రెండు పేజీలు చదివారు.

"గిది ప్రాజెక్టానే? కూసోవాలె అనుకున్నదట! సార్లు నవ్వరా? మా అవ్వ ఇజ్జత్ ఏం గావాలె?"

"అత్తమ్మ చెప్పిందే గదా రాసింది."

"చెప్తే రాస్తరా?" అన్నారాయన. కాలేజీలో ఇంత లోతైన ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆయన నేరుగా సాగర్ దగ్గరికి వెళ్లారు. పాలపాకెట్ కోసం నేనూ వెంట ఉన్నాను.

"మూడో తరగతి తాతనా అన్నా? జర ఆగు, ఇప్పుడే దిగుతున్నయి, వేడిగ ఉన్నయి" అన్నాడు సాగర్. "పేరు, ఫోటో మార్చుకోవచ్చు. గాని బైండింగు విప్పితే మల్ల నాది జిమ్మేదారి కాదు."

అందమైన బైండింగు. ఎవరు విప్పుతారు? లోపల తాత పేరు రాయమల్లు, ఊరు బోథ్, వృత్తి వ్యవసాయం, ఆశయం దేశసేవ, సందేశం క్రమశిక్షణ. పదహారో ఏట గొంగడి విసిరి ఎలుగుబంటిని తరిమారు. ఫోటోలో ఉన్నది సాగర్ సొంత తాత. నమూనా తయారుచేసిన రోజు ఫోనులో ఆయన ఫోటోనే ఉందట.

ఇంటికి తెచ్చి చూపిస్తే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఎవల్రా గీ రాయమల్లు?"

"ప్రాజెక్టు తాత అవ్వా."

"మీ బాపు పేరు మొగిలి గదరా!"

"మొగిలి పేరు మీద బైండింగు లేదే అవ్వా. ఫికర్ చేయకు."

మర్నాడు పొద్దున బ్యాగు సర్దింది నేను. బల్ల మీద రెండు ప్రాజెక్టులున్నాయి. ఒకటి బ్యాగులోకి వెళ్లింది, ఇంకొకటి బియ్యం డబ్బా వెనక్కి వెళ్లింది. చేతులు నావే గానీ ఉద్దేశం కూడా నాదేనని ఎవరూ రుజువు చేయలేరు.

క్లాసు టీచరు పద్మలత మేడం నిష్పక్షపాతంగా దిద్దారు. నలభై రెండు ప్రాజెక్టుల్లో నలభై ఒక్కటి అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయి. రిజ్వానాకు తాత రాయమల్లే, గణేశ్ పాటిల్‌కు తాత రాయమల్లే, పక్కవీధి జాన్సన్ కొడుక్కూ రాయమల్లే. ఒక ఫలితం నలభై ఒక్కసార్లు అలాగే వస్తే దాన్ని శాస్త్రంలో సత్యమంటారు. కనుక తప్పు ఎక్కడుందో మేడం సులభంగా పట్టుకోగలిగారు. మహిమ కాగితాల మీద ఎర్ర సిరాతో ఇలా రాశారు: 'తాతయ్య వివరాలు పూర్తిగా తప్పు. ఎలుగుబంటి ప్రస్తావన లేదు. ఆశయం మెరుగుపడాలి.' ఇరవైకి నాలుగు మార్కులు. ఆ నాలుగూ దస్తూరికి.

మమ్మల్నిద్దరినీ పిలిపించారు. శ్రీహరి సార్ గదిలో అప్పటికే ఒక ఫ్లెక్సీ వచ్చి ఉంది: 'మూడో తరగతి పరిశోధనలో నూటికి నూరు శాతం.' దాన్ని చూపిస్తూ ఆయన గొంతు సవరించుకున్నారు.

"తల్లిదండ్రులారా! పరిశోధన అనునది క్రమశిక్షణకు మారుపేరు. నలభై ఒక్కరు ఒక మార్గమున నడుచుచుండగా ఒక చిన్నారి దారి తప్పినది. శిక్షించుట మా సంస్కృతి కాదు. శనివారములోగా సరియైన తాతగారితో ప్రాజెక్టు సమర్పించవలెను. ప్రదర్శనలో మైకు ముందు తన తప్పు తెలుసుకున్నట్లు రెండు మాటలు చెప్పవలెను. పూర్తి మార్కులు వేయించెదను. లేనిచో ఈ ఫ్లెక్సీ అబద్ధమగును."

మా ఆయన కుర్చీ అంచుకు జరిగారు. నాకు ఆశ్చర్యమే. "సార్, ఏమనుకోవద్దు. ఆమె మా అవ్వ. మిల్లుల పనిచేసింది నిజమే. అవ్వ సంగతి అవ్వకు ఎరుకుండదా?"

"తిమోతి గారూ, మీరు ఆఫీసులో హాజరు రాసేవారు. ఇది ఒప్పయితే ఆ నలభై ఒకటీ తప్పు. అంటే నలభై ఒక్క మంది తల్లిదండ్రులు అబద్ధాలాడారన్నమాట. బయటికి వెళ్లి వాళ్లతో మీరు చెప్తారా?"

మా ఆయన ఆ నలభై ఒక్కరినీ మనసులో ఒకసారి చూసుకున్నట్టున్నారు. వారిలో గనిలో తన పైఅధికారి అయిన ఓవర్‌మన్ ఒకరు. మళ్లీ కుర్చీలోకి వెనక్కి జరిగారు. నేనేమన్నానని మీరడగవచ్చు. నేను ఫ్లెక్సీలో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాను. సరిగ్గానే ఉన్నాయి.

ఇంట్లో మహిమ ఒక్కటే అడిగింది. "డాడీ, బాపమ్మను తీసేస్తరా?"

"తీసేసుడు కాదు బిడ్డా. సవరించుడు."

"నన్ను ఏం సవరిస్తవ్‌రా, డెబ్బై రెండేండ్లొచ్చినంక?" అని వంటింట్లోంచి అత్తమ్మ అడిగింది. బియ్యం డబ్బా వెనక నుంచి రాయమల్లును తీసి ఇచ్చింది నేనే. ఆయన మీద కొంచెం తౌడు పడితే దులిపి మరీ ఇచ్చాను.

శనివారం గంజి చీర కట్టుకుని అత్తమ్మ కూడా బయల్దేరింది. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. హాలులోకి అడుగుపెడితే నాలుగు గోడలా నలభై రెండు రాయమల్లులు, ఒకే తలపాగా, ఒకే మీసం. అత్తమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తన బొమ్మ కోసం వెతికి వెతికి ఆగింది.

"గీయన ఎవలే కోడలా? ఓట్లకు నిలబడ్డడా?"

ఇంతలో బయట చప్పట్లు. సాగర్ ఉత్సాహం పట్టలేక బోథ్ నుంచి సొంత తాతను బస్సులో తీసుకొచ్చాడు. శ్రీహరి సార్ ఎదురెళ్లి శాలువా కప్పారు. నలభై రెండు మంది మనవలూ మనవరాళ్లూ వరుసకట్టి కాళ్లకు మొక్కారు. సగం మందిని దీవించాక చెయ్యి నొచ్చిందేమో, రాయమల్లు మిగతా సగాన్ని ఒక్కసారే దీవించేశాడు. మైకు ఇచ్చారు.

"నా పేరు రాయమల్లే" అన్నాడాయన. "గాని నాకు మనుమలు ముగ్గురే. గీళ్లంత ఎవలో నాకు ఎరుక లేదు. ఎలుగును నేను సూడనే లేదు. మా సాగర్‌గాడు రాసిండట. తప్పయితే ఏమనుకోకుండ్రి."

ఒక్క క్షణమైనా ఆగకుండా శ్రీహరి సార్ మైకు అందుకున్నారు.

"చూచితిరా, పెద్దల వినయము! ఎలుగుబంటిని తరిమియు తరమలేదనుచున్నారు! ముగ్గురు మనుమలే అనుచున్నారు! విద్యార్థులారా, ఇదియే మనము నేర్చుకొనవలసినది!"

తల్లిదండ్రులు పెద్దగా ఊపిరి వదిలి చప్పట్లు కొట్టారు. రాయమల్లు ఇంకేదో చెప్పబోయాడు గానీ మైకు అప్పటికే మా మహిమ ఎత్తుకు దించుతున్నారు. "ఇప్పుడొక చిన్నారి తన పొరపాటును తెలుసుకున్న వైనము" అని ప్రకటించారు సార్.

మహిమ నడిచి వెళ్లింది. రాత్రంతా మా ఆయన కంఠతా పట్టించిన రెండు వాక్యాల కాగితం చేతిలోనే ఉంది, విప్పలేదు. హాలులో నలభై రెండు కుటుంబాలు, ఒక హెడ్మాస్టరు, ఒక మేడం, ఒక జిరాక్స్ యజమాని. అందరం తప్పు ఒప్పుకోబోయే మనిషి వైపు చూస్తున్నాం. మా ఆయన వీడియో తీయడానికి ఫోను ఎత్తారు. అందులో ఫ్యాను తప్ప ఏమీ పడలేదు.

"తప్పు నాదే సార్" అంది మహిమ. "పెద్దోళ్లను అడిగి రాయుమన్నరు గదా. నిజంగనే అడగాలె అనుకున్న."

పాపలో మంచి మార్పు వచ్చిందని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు చూస్తున్నారని నేనూ కొట్టాను.