ధమని గుమ్మంలో మనిషి

అయినా, తన కొత్త కిడ్నీకి రక్తం తీసుకెళ్లే ధమనిలో గుమ్మం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒక్కమాట లోపలికి పిలిస్తే చాలని డాక్టర్లు అన్నారు గాని, పిలవడానికి ఇంట్లో ఎవరున్నారని ఆలోచిస్తూ గవర్రాజు స్కానింగ్ బల్ల మీద పడుకున్నాడు.

తెరమీద ఆయన స్పష్టంగానే కనిపిస్తున్నాడు. కిడ్నీ ఇచ్చి పోయిన మనిషి. పాత నాళాన్నీ కొత్త నాళాన్నీ కలిపి కుట్టిన చోట, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒదిగి నిలబడ్డాడు. ఆయన్ని తప్పించుకుంటూ రక్తం మిగిలిన సందులోంచి ఈల వేస్తూ పరుగెడుతోంది.

డాక్టర్ హైమవతి జెల్లు పూసిన పరికరాన్ని పొట్ట మీద ఇంకాస్త కిందికి జరిపింది. పోయినసారి కన్నా సందు ఇరుకైందనీ, ఇలాగే వదిలేస్తే కిడ్నీ పోతుందనీ, మళ్లీ డయాలసిస్ తప్పదనీ చెప్పింది. అవయవాలు మార్పించుకున్న వాళ్లలో ఇది మామూలేనట. పిలవని ఇంట్లోకి ఎవరు మాత్రం వస్తారు? నలుగురున్న ఇంట్లో అయితే భోజనాల వేళ ఎవరో ఒకరు రమ్మంటారు, సందు తెరుచుకుంటుంది.

"ఇంట్లో ఎవులూ నేరేటి బాబూ?" అంది నర్సు సింహాచలమ్మ.

"నేనున్నాను," అన్నాడు గవర్రాజు.

ఆమె తనే పిలిచేదట గాని, ఆసుపత్రి వాళ్లు పిలవకూడదని నిబంధన. ఇదివరకు వేరే రోగి లోపలి మనిషిని ఓ నర్సు అలా పిలిస్తే, రోగి ఇంటికి వెళ్లిపోయినా కిడ్నీ మాత్రం వార్డులోనే ఉండిపోయింది.

గవర్రాజు ప్రయత్నించకపోలేదు. ఇంటి దగ్గర ఒకసారి తన గదిలో చొక్కా పైకెత్తి, పొట్టవైపు చూస్తూ "రండి" అన్నాడు. ఇన్నేళ్లూ తలుపు ఓరగా తీసి, వచ్చినవాళ్లను గడప అవతలి నుంచే పంపించేసిన గొంతు అది. లోపల ఎవరో ఒక అడుగు వెనక్కి వేసినట్టు తెలిసింది.

"పిలిచేవాళ్లు లేనివాళ్లకు స్టెంటు వేస్తాం," అంది డాక్టర్. "తలుపు మూసుకుపోకుండా అడ్డం, అంతే. ఆయన అక్కడే నిలబడి ఉంటాడు. ఇబ్బందేం ఉండదు. ఊళ్లో చాలామంది అలాగే బతుకుతున్నారు."

పరికరాన్ని నర్సు చేతికిచ్చి, స్టెంటు ఏరోజు వేయవచ్చో కనుక్కోవడానికి ఆమె బయటికి వెళ్లింది.

తెరమీది మనిషికి కాళ్లు నొప్పెట్టినట్టున్నాయి. చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఏదో ఒకటి అనాలని గవర్రాజు నోరు తెరిచాడు.

"కదలకండి బాబూ, బొమ్మ చెదిరిపోద్ది," అంది సింహాచలమ్మ.

గవర్రాజు మెల్లగా గోడవైపుకు ఒదిగి, ఆ ఇరుకు బల్ల మీద ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాడు.