బతికున్న మాల్‌కి సంతాప సభ

"నేనుండగా మన మాల్ మూతపడదు" అని వాణిజ్య మంత్రిగారు టీవీలో గర్జించారు. వినగానే నేను సామాన్లు సర్దుకున్నాను. తప్పు నాదే. ఆయన దూరదృష్టి నాలాంటి దర్జీకి అందేది కాదు.

మూడంతస్తుల మాల్‌లో అప్పటికి మిగిలింది ఇద్దరమే. పైన ప్యాంట్లు ఆల్టరేషన్ చేసే నేను, కింద కళ్లజోళ్ల అక్క. వచ్చేవాళ్లలో సగం మంది బాత్రూమ్ కోసం వచ్చేవారు. మిగతా సగం ఏసీ కోసం వచ్చి, అది లేదని తెలిసి బాత్రూమ్‌కి వెళ్లేవారు.

మంత్రిగారు స్వయంగా తనిఖీకి వచ్చారు.

"ఏమయ్యా, జనం ఏరీ?"

"అన్నీ ఫోన్లోనే కొనుక్కుంటున్నారండీ."

"అంటే మాల్ మీద ప్రేమ లేదా?"

"అయ్యో, ప్రాణమండీ! ఎవరిని కదిపినా ఆ రోజులే వేరంటారు. రావడమే కుదరట్లేదు."

ఆయన కళ్లు మెరిశాయి. వారం తిరక్కుండా ప్రకటన వెలువడింది: ఆదివారం మాల్‌కి సంతాప సభ. అందరూ ఆహ్వానితులే.

జనం విరగబడ్డారు. ఆగిపోయిన ఎస్కలేటర్‌ని ఒక జంట నిమురుతూ నిలబడింది. "మేం మొదటిసారి పోట్లాడుకున్నది ఈ మెట్టు మీదేనండీ!"

"మా అమ్మ నన్నిక్కడే మర్చిపోయి వెళ్లింది" అని ఒక బ్యాంకు ఉద్యోగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"రెండుసార్లు" అని సవరించింది పక్కనే ఉన్న వాళ్లమ్మ.

ఇంతమందిని చూసి ఆశ పుట్టి, "ప్యాంట్లేమైనా సరిచేయాలా అండీ?" అని అడిగాను. "ఇలాంటి సమయంలోనా?" అని అందరూ నా మీద విరుచుకుపడ్డారు.

మంత్రిగారు పొంగిపోయారు. "బతికుండగా రాని జనం పోయాక వచ్చారంటే, పోవడంలో ఆలస్యం చేసిన తప్పు మాల్‌దే" అని తేల్చి, అక్కడికక్కడే దాన్ని మ్యూజియంగా ప్రకటించారు.

ఇక ఖాళీ చేయాల్సిందేనా? ఇరవై ఏళ్ల షాపు! కానీ కొత్తగా వచ్చిన మ్యూజియం డైరెక్టర్ నా భుజం తట్టాడు.

"మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు. మిషన్ ముందు అలా కూర్చోండి, చాలు. కుట్టకూడదు, మాట్లాడకూడదు."

"కుట్టకపోతే నేను దర్జీనెలా అవుతానండీ?"

"ఎగ్జిబిట్ నంబర్ నాలుగు అవుతారు."

కళ్లజోళ్ల అక్క మూడు. ఎస్కలేటర్ రెండు. ఒకటో నంబర్ బాత్రూమ్‌కి వెళ్లింది. దానికి సిఫార్సు ఉందట. ఇంట్లో చెప్పుకుని వాపోతే మా ఆవిడ, "ఉద్యోగం వచ్చిందిగా, కదలకండి" అంది. చేతులు మాత్రం ఊరికే ఉండనంటున్నాయి. ఒళ్లో పెట్టుకుని అదిమిపట్టాను.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు రిబ్బన్ కత్తిరించడానికి వంగారు. చర్రుమంది. రిబ్బన్ కాదు. ఆయన వెనకాల ఫైలు అడ్డం పెట్టుకుని, గోడ వెంట జరుగుతూ మెట్లెక్కి నా షాపులో దూరారు. కెమెరాలన్నీ వెంటబడ్డాయి.

"బాబ్బాబు, రెండు కుట్లు వెయ్యి!"

ఎన్నాళ్లకు బేరం! సూది అందుకున్నాను. డైరెక్టర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎగ్జిబిట్లు పనిచేయకూడదు సార్. ఆ రూల్ మీద సంతకం మీదే."

"అయితే ఊళ్లో ఇంకో దర్జీని పిలు!"

"లేడు సార్. ఆఖరివాడనేగా ఈయన్నిక్కడ పెట్టాం."

మంత్రిగారు కెమెరాల వైపు ఒకసారి చూశారు. తర్వాత నా పక్కనున్న స్టూలు మీద, గోడకి బాగా ఆనుకుని కూర్చున్నారు. డైరెక్టర్ బుద్ధిమంతుడు; ఒక అట్టముక్క మీద 'ఎగ్జిబిట్ నంబర్ ఐదు' అని రాసి ఆయన ఒళ్లో పెట్టాడు.

జనం వరసలో వచ్చి చూసి వెళ్తున్నారు. ఒక పెద్దావిడ ఆగి, ఆయన్ని పైనుంచి కిందిదాకా పరిశీలించి నన్నడిగింది:

"ఈయన ఏం పని చేసేవాడు బాబూ?"

రూలు రూలే. నేను మాట్లాడలేదు.