బ్రెడ్డు బండి ఇల్లయిన వైనం

సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలో తేలక తల పట్టుకున్న పాఠకులారా, నా మాట వినండి. కొండలొద్దు, అడవులొద్దు. తిన్నగా వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళండి! అంత తీరిగ్గా పొద్దుపోయే చోటు ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

నేను గాలి కబుర్లు చెప్పే రకం కాదు. మా అక్కా బావా వెళ్ళొచ్చారు కాబట్టి చెబుతున్నాను.

మా అక్క పెద్దాసుపత్రిలో నర్సు. సెలవు పెట్టాలంటే ఆవిడకి దొంగతనం చేసినంత బెరుకు. ఊళ్ళో సగం మందికి సూదులు పొడిచిన మనిషి, సముద్రాన్ని మాత్రం ఇంతవరకూ క్యాలెండర్ మీదే చూసింది. చివరికి కాళ్ళావేళ్ళా పడితే ఆసుపత్రి వాళ్ళు పొడుగాటి సెలవొకటి ఇచ్చారు. "మళ్ళీ ఇలా అడగొద్దమ్మా" అని ముందే చెప్పి మరీ ఇచ్చారు.

మా బావ వడ్రంగి. అక్క సెలవు ఖాయమవగానే ఆయనకి కాలు నిలవలేదు. ఒక బేకరీ వాళ్ళు వదిలించుకున్న పాత వ్యాను తెచ్చి, అందులో మంచం, బల్ల, పొయ్యి గట్టు, అలమర అన్నీ అమర్చాడు. అమర్చడమంటే మామూలుగా కాదు. అన్నీ మడిచి గోడలో కలిపేశాడు. ఎక్కడ అతుకుందో చూపిస్తే పందెం నీదేనని నాకే సవాలు విసిరాడు. నేను ఓడిపోయాను.

అంతా బాగానే ఉంది కానీ, కాగితాల్లో అది ఇంకా సరుకుల బండే. అందులో పడుకుని ప్రయాణం చేస్తే మా అక్క కూడా బ్రెడ్డు కిందే లెక్క! అందుకని దాన్ని మోటార్‌హోమ్‌గా మళ్ళీ రిజిస్టర్ చేయించాలి.

"ఒక్క పూట పని. అటునుంచి అటే సముద్రానికి" అన్నాడు బావ.

ఆఫీసులో ఏమన్నారంటే, తనిఖీ అయ్యేదాకా బండి గేటు దాటకూడదు. బండిని వదిలి రానని బావ, సెలవు పెట్టి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోనని అక్క. ఇద్దరూ ఆ ఆవరణలోనే మకాం పెట్టేశారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపు తీశాడు. లోపల ఖాళీ! నున్నటి చెక్క గోడలు తప్ప ఏమీ లేవు.

"ఇల్లేదయ్యా?"

"మీరు నిలబడింది హాల్లోనేనండీ" అని బావ గర్వంగా ఒక పట్టీ లాగాడు. మంచం దిగింది. ఇంకోటి లాగాడు. బల్ల దిగింది. ఇన్‌స్పెక్టర్ ముఖం మాత్రం దిగనూ లేదు, వెలగనూ లేదు.

"మడత పడితే అది లగేజీ. కదలకుండా బిగిస్తేనే ఇల్లు."

తను చేసిన మంచానికి తనే స్క్రూలు బిగిస్తుంటే బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పరిచిన మంచం, తెరిచిన బల్ల, చాచిన పొయ్యి గట్టు కలిసి బండంతా నిండిపోయాయి. ఆయనకి కాలు పెట్టే సందు లేదు.

"లోపలికే వెళ్ళలేని ఇంటిని తనిఖీ చేశానని ఎలా రాయమంటావు?"

న్యాయమే కదా! ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి. బావ మళ్ళీ రంపం తీసి మంచాన్ని కురచ చేశాడు. ఇప్పుడు అందులో పడుకుంటే ఆయన పాదాలు పొయ్యి మీదుంటాయి. చలికాలంలో ఎంత సుఖమో ఆలోచించండి!

ఇక మా అక్క వైభోగం చూడాలి. 'వాహనాలు నిలపరాదు' బోర్డుకీ జెండా స్తంభానికీ మధ్య తీగ కట్టి బట్టలారేసింది. క్యూలో ఒకాయన కళ్ళు తిరిగి పడిపోతే పరుగెత్తుకెళ్ళి బీపీ చూసింది. అంతే, మర్నాటి నుంచి గుమాస్తాలు చొక్కా చేతులు మడుచుకుని వరసకట్టారు. సెలవులో ఉండి కూడా పని మర్చిపోకుండా కాపాడే ఆఫీసు ఎక్కడైనా ఉందా?

మూడో తనిఖీకి ఇన్‌స్పెక్టర్ రాలేదు. ఏమైందని అడిగితే సెలవు పెట్టాడన్నారు. పాపం, ఆయనా మనిషే కదా. పిల్లల్ని తీసుకుని వెళ్ళాడట.

ఎక్కడికంటారా? సముద్రానికి!

ఒళ్ళంతా నల్లబడి, హుషారుగా తిరిగొచ్చాడు. ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా బావ ఇచ్చిన ఫైలు మీద పిడికెడంత గవ్వ పెట్టుకున్నాడు, అక్కడే ఏరుకున్నాడట. సంతకం కోసం బావతో పాటు వెళ్ళిన అక్క దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమైనా వినిపిస్తోందా?" అని ఆశగా అడిగాడు బావ.

"ఫ్యాన్ చప్పుడండీ" అంది అక్క, గవ్వని మళ్ళీ ఫైలు మీద పెట్టేస్తూ.

ఎట్టకేలకు ఒక సాయంత్రం సంతకం పడింది. ముద్ర పడింది. బ్రెడ్డు బండి ఇల్లయింది! బావ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని బండి దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు.

"వెంటనే తీసేయండి సార్. ఆఫీసు ఆవరణలో ఇల్లు పెట్టకూడదు."

"మరి ఇన్నాళ్ళూ ఉన్నాంగా?"

"అప్పుడది బ్రెడ్డు బండి కదా సార్!"

బావ నవ్వుతూనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అక్క తీగ మీది బట్టలు తీసి, మడతపెట్టి, పక్క సీట్లో కూర్చుంది. కాగితం ఒకసారి చదివింది, ఇంకోసారి చదివింది.

"ఇక దీంట్లో ఎక్కడికైనా వెళ్ళొచ్చాండీ?"

"ఎక్కడికైనా! ఎవడాపుతాడు? చెప్పు, ఎటు పోనివ్వమంటావు?"

"అయితే ముందు ఇంటికి పోనివ్వండి, యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలి. పొద్దున్నే నన్ను ఆసుపత్రి దగ్గర దింపుదురుగాని. సెలవు ఇవాళ్టితో అయిపోయింది."

ఇప్పుడు చెప్పండి, రిజిస్ట్రేషన్ ఆఫీసుని మించిన విహారస్థలం ఉందా? మా అక్క సెలవంతా అక్కడే హాయిగా గడిచిపోయిందా, లేదా? ఆసుపత్రి గేటు బయట రోజూ సాయంత్రం ఒక మోటార్‌హోమ్ ఆగి ఉంటుంది, ఎప్పుడైనా చూడండి. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నాయి. మా బావ అందులో కూర్చుని అక్క డ్యూటీ దిగేదాకా ఎదురుచూస్తుంటాడు.