పటంలో లేని పిడుదు

పొద్దున్నే కాఫీ తాగి పడవకు రంగు వేద్దామనుకున్న సిగ్‌వాల్, రంగు డబ్బా పక్కన పడేసి, భార్య గున్వోర్ ఇస్త్రీ చేసి దాచుకున్న తెల్లటి మేజాగుడ్డను పొదల వెంట గడ్డిలో ఈడ్చుకుంటూ తిరిగాడు. అతని ఒళ్ళు మండిపోతోంది. గున్వోర్ పిక్క మీద గాజంత ఎర్రటి వలయం తేలి వారమైంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నెత్తురు పీల్చే పిడుదు కాటని మొత్తుకుంటే నిన్న డాక్టరు బ్రెక్కె సాలీడని తేల్చేసి, పూతమందు ఇచ్చి పంపాడు.

"గోడమీద పటం చూడవయ్యా!" అన్నాడు బ్రెక్కె. "పిడుదులు ఈ ఎర్ర గీత దాకానే. మన దీవి దానికి రెండు వేళ్ళు పైనుంది."

"పటం చూసుకుని ఆగడానికి పిడుదుకేమైనా చదువొచ్చా?"

"అయితే ఒకటి పట్టుకురా. మాత్రలు రాస్తా."

ఇవాళ మూడో చుట్టులో గుడ్డకు అంటుకున్న గసగసాల గింజంత పిడుదు కనిపించింది. దాన్ని అప్పుడే ఖాళీ అయిన తన పొగాకు డబ్బాలో వేసి ఆస్పత్రికి పరుగెత్తాడు. గుమ్మంలో బూట్లు విప్పి, డబ్బాను డాక్టరు బల్లమీద పెట్టి, ఆయన వచ్చేలోగా కాఫీ పోసుకోవడానికి వసారాలోకి వెళ్ళాడు.

బ్రెక్కె పెళ్ళాం మీద ఒట్టేసి పొగాకు మానేసి పదకొండు రోజులైంది. గదిలోకి వచ్చి బల్లమీద డబ్బా చూడగానే ప్రాణం లేచొచ్చింది. మూత తీసి వేలుపెట్టి కెలికాడు. ఏమీ లేదు. విసుగ్గా చెత్తబుట్టలో పారేసి మెడ గోక్కున్నాడు.

"నా డబ్బా ఏదీ?" అన్నాడు సిగ్‌వాల్ తిరిగొచ్చి.

"ఏ డబ్బా?"

నర్సు టూరిడ్ బుట్టలోంచి తీసి చూపించింది. ఖాళీ!

"నా సాక్ష్యాన్ని మాయం చేశారు! అక్కడ మా ఆవిడ అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది!" సిగ్‌వాల్ అరిచాడు.

"ఖాళీ డబ్బా తెచ్చి నామీద అరుస్తావా? రేపు ఖాళీ గంప తెచ్చి ఎలుగుబంటంటావు!"

"కదలకండి డాక్టరు గారూ," అంది టూరిడ్. "మెడమీద ఏదో కరుచుకునుంది."

బ్రెక్కె ముఖం పాలిపోయింది. "తియ్యి! తొందరగా తియ్యి!"

"సాలీడేమోనండీ," అన్నాడు సిగ్‌వాల్. "పటం చూద్దామా?"

"నోర్ముయ్! అది పిడుదే!"

టూరిడ్ పట్టకారు పైకెత్తి పట్టుకుని నిలబడింది. నిన్న గున్వోర్ కుంటుకుంటూ వెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది. "ముందు ఆవిడ మాత్రలు రాయండి. తర్వాత తీస్తా."

బ్రెక్కె తన ఉద్యోగంలో అంత వేగంగా ఎన్నడూ రాయలేదు. ఇంటిదగ్గర గున్వోర్ మొదటి మాత్ర మింగి, ముందుగా అడిగింది మేజాగుడ్డ ఏదని.

సాయంత్రానికి ఆస్పత్రి గోడమీది ఎర్ర గీత పైకి జరిగి, సరిగ్గా డాక్టరు గారి ఇంటి ముందు ఆగిపోయింది.